పల్లిసభలో మెజారిటీ వస్తే ఏ తీర్మానమైనా చెల్లుతుందా? (రాయగడ జిల్లా)

గుణుపురం_దగ్గర

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా, గుణుపురం సబ్‌డివిజన్. ఊళ్లో సగం మంది సవరలు (ఎస్టీ తెగ), మిగతా సగం తెలుగు వాళ్లం, ఒడియా వాళ్లూ. వచ్చే వారం పల్లిసభ (ఊరి ఓటర్లందరి సభ) ఉంది. తెలిసినవాళ్లు మూడు విషయాలు చెప్పాలి.

ఒకటి. సిమెంటు రోడ్డు పని బాగోలేదని ఒక కుటుంబం బీడీఓ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది. బిల్లు ఆగిపోయింది. ఊరి పరువు తీశారని ఇప్పుడు వాళ్లకి 10,000 రూపాయల జరిమానా వేస్తారట. కట్టేదాకా బోరింగు దగ్గరికి రానివ్వకూడదు, రేషన్ ఇవ్వకూడదు అని కూడా తీర్మానం పెడతారట. చేతులెత్తమంటే నూటికి ఎనభై మంది ఎత్తేస్తారు. "ప్రజాస్వామ్యమంటే ఎక్కువమంది మాటే, పైగా మనది షెడ్యూల్డు ఏరియా, పెసా (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కేంద్ర చట్టం) ఉంది, గ్రామసభ మీద ఎవరూ లేరు" అంటున్నారు. అది నిజమేనా?

రెండు. సభ మొదలవకముందే రిజిస్టరులో ఖాళీ పేజీ మీద సంతకాలు, వేలిముద్రలు తీసేసుకుంటారు. దానికి ఏం చెయ్యాలి?

మూడు. తీర్మానం ఒడియాలో రాస్తారు. మా ఆడవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగులో అడిగే హక్కు ఉందా?

---

వంశధార_వకీలు

మీ మొదటి ప్రశ్నకి: చెల్లదు. ఎనభై మంది కాదు, నూటికి నూరుమంది చేతులెత్తినా చెల్లదు.

పల్లిసభకి అధికారం తలల లెక్క నుంచి రాలేదు. రాజ్యాంగం 243ఎ అధికరణం ప్రకారం గ్రామసభకి ఉండేవి రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇచ్చిన అధికారాలే. ఇక్కడ ఆ చట్టం 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం. అందులో పల్లిసభకి అప్పజెప్పిన ముఖ్యమైన పని, ఏటా ఫిబ్రవరిలో కూర్చుని వచ్చే సంవత్సరం ఏ పనులు కావాలో, బడ్జెట్ ఎలా ఉండాలో సిఫారసు చెయ్యడం. మనిషిని శిక్షించే అధికారం అందులో ఎక్కడా లేదు. లేని అధికారాన్ని ఎంతమంది కలిసినా పుట్టించలేరు.

పెసా సంగతి. అది 1996 డిసెంబరు 24న వచ్చింది. దానికి తగ్గట్టు ఒడిశా తన పంచాయతీ చట్టాన్ని 1997లో సవరించింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆచారాలనూ, ఊరి ఉమ్మడి వనరులనూ, తగవులు తీర్చుకునే సంప్రదాయ పద్ధతినీ కాపాడుకునే హక్కు అందులో ఉన్న మాట నిజమే. దానితోపాటే హద్దు కూడా రాశారు: అమల్లో ఉన్న చట్టాలకు లోబడి, రాజ్యాంగ మూల సూత్రాలకూ మానవ హక్కులకూ అనుగుణంగా ఉండాలని. మొదటి సగం చదివి రెండో సగం వదిలేసేవాళ్లే "గ్రామసభ మీద ఎవరూ లేరు" అంటారు.

ఇక ఆ తీర్మానాన్ని ముక్కలు చేసి చూద్దాం.

జరిమానా: నేరం ఏమిటో, శిక్ష ఎంతో ముందుగా చట్టంలో ఉండాలి. అధికారికి ఫిర్యాదు ఇవ్వడం నేరమని చెప్పే చట్టం దేశంలో లేదు. పైగా అది రాజ్యాంగం 19(1)(ఎ) (వాక్ స్వాతంత్ర్యం) కింద వాళ్ల హక్కు. భయపెట్టి డబ్బు కట్టించుకుంటే అది భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 308 కింద బలవంతపు వసూలు అవుతుంది. వసూలు చేసినవాళ్లు ఊరి పేరు చెప్పుకున్నా కేసు మాత్రం మనుషుల మీదే పడుతుంది.

బోరింగు: ఇక్కడ చాలామంది తప్పు అధికరణం పట్టుకుంటారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, రోడ్ల వాడకంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా అడ్డు పెట్టకూడదని 15(2) చెబుతుంది. మీ ఊళ్లో కారణం ఫిర్యాదు. కాబట్టి ఒక్క 15(2) మీదే పిటిషన్ వేస్తే అవతలివాళ్లు "కులం వల్ల కాదు" అని తప్పించుకుంటారు. 14, 21 అధికరణాలు రాయాలి. 12వ అధికరణం ప్రకారం స్థానిక సంస్థలు కూడా "రాజ్యం" కిందకే వస్తాయి. అందుచేత పంచాయతీ చేతిలో ఉన్న నీళ్లు ఒక ఇంటికి ఆపడమంటే సమానత్వాన్నీ జీవించే హక్కునీ రాజ్యమే కాదనడం. దారికి అడ్డం నిలబడితే న్యాయ సంహిత 126, బెదిరిస్తే 351 కూడా పడతాయి.

ఆ కుటుంబం ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయి, అడ్డుకున్నవాళ్లు ఆ రెండు వర్గాలకీ చెందనివాళ్లయితే అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జడ్‌ఎ), 3(1)(జడ్‌సి) వర్తిస్తాయి. మొదటిది ఉమ్మడి వనరుల్ని, నీటిని వాడుకోనివ్వకపోవడం గురించి, రెండోది సాంఘిక, ఆర్థిక బహిష్కరణ గురించి. 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు.

రేషన్: 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డైతే ఇంటికి 35 కిలోలు. అది కార్డుదారుడి చట్టబద్ధ హక్కు. పల్లిసభ మాట విని డీలరు ఆపితే లైసెన్సుకి ముప్పు అతనికే. జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగం ప్రవేశపెడుతూ అంబేడ్కర్ ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నారు. గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. ఊరంతా ఏకమైతే ఒంటరి ఇంటికి ఏమవుతుందో ఆయనకి తెలుసు. దాని మీద సభలో చాలామంది నొచ్చుకున్నారు. నవంబరు 22న కె. సంతానం సవరణ తెచ్చాక గ్రామ పంచాయతీలు ఆదేశిక సూత్రాల్లోకి వచ్చాయి, అదే ఇప్పటి 40వ అధికరణం. చివరికి రెండూ నిలిచాయి: ఊరికి స్వపరిపాలన, ఊరి నుంచి వ్యక్తికి రక్షణ. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యడానికి వీల్లేదు.

సభకి ముందే చెయ్యాల్సిన పని: ఆ కుటుంబం చేత బీడీఓకి ఒక కాగితం ఇప్పించండి. నకళ్లు సబ్ కలెక్టరుకీ, పోలీస్ స్టేషన్‌కీ. ఫలానా తేదీన ఫలానా అంశం పెట్టబోతున్నారని తెలిసింది, ఇది పల్లిసభ పరిధిలోది కాదు, మాకు నీళ్లూ రేషనూ ఆగకుండా చూడండి అని రాస్తే చాలు. అందినట్టు ముద్ర వేయించుకోండి. తీర్మానం రాసేసి సంతకాలు పడ్డాక రద్దు చేయించడానికి నెలలు పడుతుంది. ముందే అధికారి తెలుసుకుంటే ఆ అంశం ఎజెండాలోకే రాదు.

---

రిజిస్టరు_పుస్తకం

ఖాళీ పేజీ సంతకాల గురించి నేను రాస్తాను. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

హాజరు సంతకం వేరు, తీర్మానం మీద సంతకం వేరు. ఒకే పేజీలో పైన జాగా వదిలి కింద సంతకాలు తీసుకుంటే, తర్వాత పైన ఏం రాసినా మీరు ఒప్పుకున్నట్టే కనబడుతుంది. కాబట్టి హాజరు సంతకం పెట్టేటప్పుడు పేజీ పైన తేదీ, "హాజరు మాత్రమే" అన్న మాట ఉండాలి. లేకపోతే మీ సంతకం పక్కన మీరే రాయండి. ఏ భాషలో రాసినా పరవాలేదు. వేలిముద్ర వేసేవాళ్ల పక్కన చదువుకున్న పిల్ల ఒకరు కూర్చుని ఆ మాట రాస్తే సరిపోతుంది.

తీర్మానం రాయడం అయ్యాక గట్టిగా చదవమని అడగాలి. చివరి వాక్యం కిందే, జాగా వదలకుండా అధ్యక్షత వహించినవారి సంతకం పడాలి. పల్లిసభకి అధ్యక్షుడు వార్డు మెంబరు. సర్పంచి అధ్యక్షత వహించేది గ్రామసభకి. ఈ తేడా తెలియక సర్పంచి వచ్చి పల్లిసభ నడిపేసిన చోట్ల తర్వాత తగవులొస్తాయి. పేజీలో మిగిలిన జాగాకి అడ్డగీత కొట్టించండి. వచ్చినవాళ్ల సంఖ్య, అనుకూలం, వ్యతిరేకం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. అప్పుడే పేజీ ఫోటో తీసుకోండి.

కోరం: మామూలు పల్లిసభకి సభ్యుల్లో పదో వంతు. అటవీ హక్కుల విషయమైతే లెక్క మారిపోతుంది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగానికి తగ్గకూడదు, హాజరైనవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి, క్లెయిముల మీద తీర్మానమైతే క్లెయిముదారుల్లో గానీ వాళ్ల ప్రతినిధుల్లో గానీ కనీసం సగం మంది కూర్చుని ఉండాలి. 400 మంది ఓటర్లున్న పల్లిలో మామూలు సభకి 40 మంది చాలు, అటవీ హక్కుల సభకి 200 మంది కావాలి. ఆ 200 దొరక్కే సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేస్తారు. రేషన్ క్యూలో తీసుకున్న సంతకాలు, ఆడవాళ్ల పేరున మగవాళ్లు పెట్టినవి, ఊళ్లో లేని వలస కూలీల పేర్లు, ఇవన్నీ ఇలా చేరేవే. ఒక్క దొంగ సంతకం రుజువైతే తీర్మానం మొత్తం మీద అనుమానం పడుతుంది. ఊరికి నిజంగా మేలు చేసే తీర్మానమైనా సరే పోతుంది. అందుకే ఇది చిన్న విషయం అనుకోకండి.

ఎజెండాలో లేని అంశాన్ని "ఇతర అంశాలు" కింద చివర్లో దూర్చడం ఇంకో పద్ధతి. సగం మంది లేచి వెళ్లాక అది వస్తుంది. మీ సభలో జరిమానా సంగతి అలాగే రావచ్చు, చివరిదాకా కూర్చోండి. వ్యతిరేకించినవాళ్లు నోటితో చెప్పి ఊరుకోకుండా "మేము ఒప్పుకోవడం లేదు" అని కాగితం రాసి పీఈఓకి (పంచాయతీ కార్యనిర్వహణ అధికారికి) ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి.

తర్వాత నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, ఫీజు 10 రూపాయలు, పేజీకి 2 రూపాయలు. బీపీఎల్ వాళ్లకి దరఖాస్తు ఫీజు లేదు. "సభ వివరాలు ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒక కాగితం చేతిలో పెడతారు. ఫలానా తేదీ పల్లిసభ హాజరు పేజీలు, తీర్మానం పేజీలు, నోటీసు నకలు అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

---

నియమగిరి_కింద

వకీలు గారూ, ఒక సందేహం. మెజారిటీ తీర్మానానికి అంత విలువ లేకపోతే 2013లో మా జిల్లాలోనే నియమగిరి సంగతేమిటి? 12 ఊళ్లు చేతులెత్తి వద్దన్నాయి, బాక్సైటు గని ఆగిపోయింది. అక్కడ సభ మాట చెల్లింది, ఇక్కడ చెల్లదంటే ఎలా? ఇలాంటి మాటలు చెప్పే రేపు ఇంకెవరైనా "సభకేం అధికారం లేదు" అని గనులు తవ్వేస్తారని నా భయం.

---

వంశధార_వకీలు

మీ భయం న్యాయమైనదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో గ్రామసభలకి "గని కావాలా వద్దా" అని ఓటు పెట్టమనలేదు. అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత, సామూహిక హక్కులు ఏమిటో, నియమరాజుని కొలిచే డొంగరియా కొంధుల మత హక్కు దెబ్బతింటుందో లేదో తేల్చమంది. జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారిని పరిశీలకుడిగా పెట్టమంది. 3 నెలల గడువిచ్చింది. తుది నిర్ణయం కేంద్ర పర్యావరణ శాఖది. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5 పల్లిసభలు జరిగాయి, అన్నీ కాదన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. మళ్లీ సభలు పెట్టించాలని 2016లో ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ వెళితే సుప్రీంకోర్టు వినలేదు.

అక్కడ సభ చేసిన పనేమిటి? పార్లమెంటు చట్టం తనకి అప్పజెప్పిన పని చేసింది, తన సభ్యుల హక్కుల గురించి మాట్లాడింది. మీ ఊళ్లో సభ చెయ్యబోయేది, చట్టం అప్పజెప్పని పని. అదీ తన సభ్యుల్లోనే ఒక ఇంటి నీళ్లు ఆపడం.

ఇంకో సంగతి గమనించండి. నియమగిరి విషయంలో మెజారిటీ ఎవరు? అసెంబ్లీలో మెజారిటీ ఉన్న రాష్ట్ర ప్రభుత్వం గని కావాలంది. రాష్ట్ర జనాభాలో డొంగరియా కొంధులు చాలా కొద్దిమంది. ఒడిశా మొత్తం చేతులెత్తమంటే ఆ కొండ మిగిలేది కాదు. వాళ్లని కాపాడింది మెజారిటీకి రాజ్యాంగం గీసిన హద్దే. మీ ఊళ్లో ఆ ఒక్క కుటుంబాన్ని కాపాడేదీ అదే హద్దు. ఇక్కడ దాన్ని చెరిపేస్తే కొండ దగ్గర కూడా చెరిగిపోతుంది. పార్లమెంటుకైనా ఇంతే. రాజ్యాంగం 368 అధికరణం కింద మూడింట రెండు వంతుల మెజారిటీతో సవరణ తెచ్చినా మౌలిక స్వరూపాన్ని తాకకూడదని 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 7-6 తేడాతో తేల్చారు.

---

సిరొంచ_గట్టు

అన్నా, మా గడ్చిరోలి జిల్లా సిరొంచ దిక్కు సంగతి చెప్త. మహారాష్ట్రల బహిష్కరణ మీద వేరే చట్టమే ఉంది, 2016 సాంఘిక బహిష్కరణ నిషేధ చట్టం. 2017 జులై 3 నుంచి అమలైతున్నది. కుల పంచాయితీ అయినా, ఇంకే గుంపైనా మనిషిని ఎలేస్తే 3 ఏండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేకుంటే రెండూ. అట్ల ఎలేసెతందుకు కూడుతున్నరని ముందే తెలిస్తే కలెక్టరు ఆ సభను ఆపొచ్చు. ఆ చట్టం మీ ఒడిశాకు పట్టది. ఇక్కడి వాళ్ల ఫిర్యాదు నమూనా తీస్కపోయి అక్కడ ఇయ్యకున్రి, కొట్టేస్తరు. వకీలు సారు చెప్పిన సెక్షన్లే రాయాలె.

ఇంకొకటి. మా దిక్కు మామూలు గ్రామసభకు కోరం ఓటర్లల్ల 15 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అది. మీ పదో వంతు లెక్క వేరు. సరిహద్దుల ఉండేటోళ్లం చుట్టాల ఊరి రూలు మన ఊరికి పెట్టుకుంటం, అక్కడ్నే దెబ్బ తింటం. 2014ల మహారాష్ట్ర పెసా నియమాలు వచ్చినంక చిన్న పాడాలు (గూడేలు) కూడా తీర్మానం చేసి వేరే గ్రామంగా ప్రకటించమని ఉపవిభాగ అధికారిని అడగొచ్చు. పెద్ద ఊరి మెజారిటీ కింద చిన్న గూడెం మాట అణగకుండ అది మంచి ఉపాయం.

మా జిల్లాలనే ధనోరా తాలూకా మెండా-లేఖా ఊరికి 2009ల సామూహిక అటవీ హక్కు వచ్చింది. ఆడ ఓట్లు లెక్కపెట్టరు, అందరు ఒప్పుకునేదాక మాట్లాడుకుంటరు. ఒక్కలు కాదన్నా మళ్ల కూసుంటరు. మీ సభల గూడ చేతులెత్తుడు కన్న ముందు ఆ ఇంటోళ్ల మాట నిండుగ వినమని అడుగున్రి.

---

పర్లాకిమిడి_పంతులు

భాష సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు చేరిన నాటి నుంచీ ఈ ప్రశ్న మనతోనే ఉంది. 350వ అధికరణం ప్రకారం తన ఫిర్యాదుని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వొచ్చు. తెలుగులో రాశారని కాగితం తిప్పి పంపకూడదు. అయితే జవాబు తెలుగులోనే ఇవ్వాలని ఆ అధికరణంలో లేదు. పల్లిసభ తీర్మానం తెలుగులో రాయించుకునే హక్కు కూడా దాని నుంచి రాదు. ఇది తెలియక ఆఫీసులో వాదనకి దిగితే అసలు పని ఆగిపోతుంది. తెలుగులో రాసిన ఫిర్యాదుకి ఒడియా అనువాదం జతచేసి ఇవ్వండి, తొందరగా కదులుతుంది.

సభలో మాత్రం తెలుగులో మాట్లాడండి. తీర్మానం చదివాక తెలుగులోనూ సవరలోనూ చెప్పించమని అడగండి, "చదివి వినిపించి, తెలుగులో, సవరలో వివరించబడినది" అన్న వాక్యం రిజిస్టరులో రాయించండి. ఆ వాక్యం లేకపోతే, వేలిముద్ర వేసినామెకి విషయం తెలియదని తర్వాత వాదించే వీలుంటుంది. ఉంటే పీఈఓకీ మంచిదే, అందుకని సాధారణంగా ఒప్పుకుంటారు.

బడి విషయమైతే వేరే అధికరణం, 350ఎ, ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు. తరగతికి 10 మంది లేదా బడికి 40 మంది అన్న కొలత 1949 విద్యామంత్రుల సమావేశం నాటిది. అడగాలంటే ముందు పిల్లల పేర్ల జాబితా కావాలి.

---

గుణుపురం_దగ్గర

అందరికీ కృతజ్ఞతలు. బీడీఓకి కాగితం రేపే ఇప్పిస్తున్నాం. ఇంకొక్కటి, అదే సభలో పెడతారట: ఒక సవర రైతు భూమిని బయటి తెలుగాయన కొనుక్కోవడానికి ఊరికి అభ్యంతరం లేదని తీర్మానం. భూమి అమ్మే రైతే అడుగుతున్నాడు, ఊరంతా ఒప్పుకుంటోంది. దీనికైనా విలువ ఉంటుందా?

---

వంశధార_వకీలు

ఉండదు. ఒడిశా షెడ్యూల్డు ప్రాంతాల్లో ఎస్టీల స్థిరాస్తి బదిలీకి 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. 2002లో చేసిన సవరణతో ఎస్టీ భూమిని ఎస్టీ కానివాళ్లకి అమ్మడం పూర్తిగా నిషేధం. దాన్ని సడలించాలని 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం అనుకుని వెంటనే ఆపేసింది. అమ్మేవాడు ఒప్పుకున్నా, సభ ఒప్పుకున్నా ఆ నిషేధం తొలగదు. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతమే కాబట్టి మీ ఊరికి మినహాయింపు లేదు. కొన్నాయన డబ్బు పోతుంది, భూమి తిరిగి రైతుకో అతని వారసులకో ఇచ్చేలా సబ్ కలెక్టరు ఉత్తర్వు ఇవ్వొచ్చు. తీర్మానం మీద సంతకం పెట్టవద్దని మీవాళ్లకి చెప్పండి.

రైతుకి డబ్బు అవసరమై అమ్ముతుంటే రాయగడలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లమనండి, లేదా 15100కి ఫోన్ చెయ్యమనండి. ఎస్టీలకి, ఎస్సీలకి, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. ఫిర్యాదు ఇచ్చిన ఆ కుటుంబం కూడా అక్కడికే వెళ్లొచ్చు. పోలీసులు ఎఫ్ఐఆర్ రాయకపోతే నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) కింద ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి, ఆ రసీదు జాగ్రత్త. అదీ కదలకపోతే మేజిస్ట్రేట్. తీర్మానం నిజంగానే పాసై నీళ్లు ఆపేస్తే మాత్రం ఎదురుచూడకండి. ఫోటోలు, తీర్మానం నకలు, బీడీఓకి ఇచ్చిన కాగితం ముద్ర పడ్డ ప్రతి పట్టుకుని 226 కింద కటక్‌లో హైకోర్టుకి వెళ్లొచ్చు, దానికి కూడా న్యాయ సేవాధికార సంస్థే వకీలుని ఇస్తుంది.